మాటల ఆటలు అభ్యాసానికే ఉండనివ్వండి: ఇంజినీరింగ్ కళాశాలల యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ప్లేస్‌మెంట్ అధికారులకు నమస్కరించి రాయునది.

నేను గుంటూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంగ్లీషు చెబుతున్న అధ్యాపకురాలిని. మన కళాశాలల కమ్యూనికేషన్ ల్యాబుల్లోకి ఇటీవల మాటలతో ఆడే వీడియో గేములు వస్తున్నాయి. విద్యార్థి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే తెర మీద ఒక కోపిష్ఠి కస్టమరో, పని ఆలస్యమైందని నిలదీసే మేనేజరో, అలిగిన సహోద్యోగో ప్రత్యక్షమవుతారు. ముందే రాసిపెట్టిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే పద్ధతి ఇక్కడ లేదు. విద్యార్థి తన మాటల్లో తాను మాట్లాడాలి. కృత్రిమ మేధతో నడిచే ఆ పాత్ర విని అప్పటికప్పుడు బదులిస్తుంది. ఆట ముగిశాక వినే ఓర్పు, సహానుభూతి, ఒప్పించే నేర్పు, ఆత్మవిశ్వాసం అనే శీర్షికల కింద వందకు ఇన్నని మార్కులు పడతాయి. ఈ మార్కులను ఇంటర్నల్స్‌లో కలపాలని, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కు ఎవరిని కూర్చోబెట్టాలో వీటిని బట్టే తేల్చాలని కొన్నిచోట్ల ఆలోచనలు సాగుతున్నాయి. వాటిని విరమించుకోవాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆటలను కొనవద్దని నేను అనడం లేదు. కొన్నవాటిని పిల్లలు భయం లేకుండా మాట్లాడి చూసుకోవడానికి మాత్రమే ఉంచమంటున్నాను.

యంత్రంతో మాట్లాడే సరదా నిన్నమొన్నటిది కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే ప్రోగ్రాము మనం టైపు చేసిన వాక్యాన్నే కొంచెం తిప్పి ప్రశ్నగా మనకే అప్పగించేది. అంతమాత్రానికే జనం దానికి మనసు విప్పి చెప్పుకోవడం చూసి ఆయన కలవరపడ్డాడు. 1998లో నింటెండో తెచ్చిన పికాచు ఆట, 1999లో మనిషి ముఖమున్న చేపతో కబుర్లాడే సీమన్ అనే ఆట మైకుతోనే ఆడేవి. 2005లో మైఖేల్ మాటియాస్, ఆండ్రూ స్టెర్న్ విడుదల చేసిన ఫసాడ్‌లో, కాపురం చెడుతున్న దంపతుల ఇంటికి మనం అతిథిగా వెళ్లి టైపు చేసిన మాటలతో వాళ్ల మధ్య నెగ్గుకు రావాలి. అందులో 'మెలన్' అని పుచ్చకాయ పేరెత్తితే చాలు, ఇంటాయన భగ్గుమని అతిథిని గెంటేస్తాడన్న సంగతి ఆటగాళ్లకు పెద్ద వేళాకోళమైంది. ఇప్పటి ఆటల వెనుక పెద్ద భాషా నమూనాలు, అంటే లెక్కలేనన్ని రాతల నుంచి నేర్చుకుని వాక్యాలు అల్లే కృత్రిమ మేధ ప్రోగ్రాములు, ఉన్నాయి కనుక అంత మోటు పొరపాట్లు తగ్గాయి. 2023లో చిప్‌ల కంపెనీ ఎన్విడియా, 2024 మార్చిలో ఆటల కంపెనీ యూబిసాఫ్ట్ ప్రదర్శించిన పాత్రలు ఆటగాడి నోటిమాట విని జవాబు చెప్పగలిగాయి. ప్రదర్శనల్లో అవి ముచ్చటగా ఉంటాయి. మన కళాశాలకు డెమో ఇవ్వడానికి వచ్చిన ప్రతినిధి తానే హెడ్‌సెట్ పెట్టుకుని గడగడా మాట్లాడి చూపించినప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మన పిల్లలు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

కారణం ఆట పనిచేసే తీరులోనే ఉంది. ఇటువంటి ఆటల్లో ఎక్కువగా విద్యార్థి మాట మొదట మాటను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాముకు చేరుతుంది, ఆ అక్షరాలు భాషా నమూనాకు వెళతాయి, అది రాసిన జవాబు మరో ప్రోగ్రాము ద్వారా గొంతుగా మారి పాత్ర పెదవుల మీదికి వస్తుంది. మార్కులు వేసే నమూనా చదివేది కూడా ఆ అక్షరాల ప్రతినే. గొంతులోని చనువు, ఆదుర్దా, మన్నన చాలావరకు మొదటి మెట్టు దగ్గరే రాలిపోతాయి. నేరుగా ధ్వనినే తీసుకునే నమూనాలూ వచ్చాయి. కాని తాము కొంటున్న ఆటలో ఏది ఉందో మనలో అడిగేవారు తక్కువ, అడగనిదే చెప్పే అమ్మకందారు ఇంకా తక్కువ.

విద్యార్థి మాట ముగించాడని యంత్రం ఎలా గ్రహిస్తుందన్నది మరొక ప్రశ్న. మనుషుల మధ్య ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు దగ్గర ఉంటుందని, పది భాషలను పోల్చి చూసిన ఒక పరిశోధన 2009లో తేల్చింది. అంత తక్కువ వ్యవధిలో అందుకోగలగడానికి కారణం ఎదుటివారి వాక్యం ఎక్కడ ఆగబోతోందో మనం ముందే పసిగట్టడం. ఆట మాత్రం సాధారణంగా నిశ్శబ్దం కోసం కాచుకుని ఉంటుంది. కొంతసేపు మాట వినబడకపోతే విద్యార్థి ముగించాడని తీర్మానిస్తుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి తెచ్చుకుంటాడు. ఆర్డరు సంగతి కనుక్కున్నానని మొదలుపెట్టి, 'అండ్' అని ఆగి, తర్వాతి మాట కోసం తడుముకునే ఆ క్షణంలో తెర మీది కస్టమరు అరుపు అందుకుంటాడు. పిల్లవాడు తన వాక్యం పూర్తిచేయబోతే ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎదుటివారి మాటకు అడ్డు తగులుతున్నాడని చివర్లో రిమార్కు వస్తుంది. అడ్డు తగిలింది ఆట, మార్కులు పోయింది పిల్లవాడికి. నత్తి ఉన్న విద్యార్థి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

కొంతకాలం ట్రయల్‌గా పెట్టి చూసిన ఒక ఆటలో జరిగిన సంగతి ఒకటి వివరంగా చెబుతాను. ప్రాజెక్టు అనుకున్న తేదీకి అందదని ఒక మహిళా మేనేజరుకు చెప్పి గడువు అడగాలి, సన్నివేశం అంతే. సత్తెనపల్లి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి కూర్చుంది. కారణాలు చక్కగానే చెప్పింది. ఆమెకు ఊపిరి తీసుకునే చోటల్లా 'అంటే' అనడం అలవాటు; మనలో ఎవరికి లేదు కనుక! ఇంగ్లీషు మాత్రమే వినేట్టు అమర్చిన ఆ ప్రోగ్రాము ప్రతి 'అంటే'నీ 'ఆంటీ' అని రాసుకుంది. మేనేజరు పాత్ర మొదట ఊరుకుంది, తర్వాత ముఖం ముడుచుకుంది, ఆఖరికి ఆఫీసులో తనను అలా పిలవవద్దని కటువుగా చెప్పింది. తానేమని పిలిచిందో అమ్మాయికి అర్థం కాలేదు. కంగారులో 'అంటే'లు ఇంకా పెరిగాయి. రిపోర్టులో వృత్తిపరమైన మర్యాద అన్న గడిలో మార్కులు అడుగంటాయి. ల్యాబంతా నవ్వింది, ఆ అమ్మాయీ నవ్వింది, ఎందుకంటే అది ట్రయల్ మాత్రమే. ఆ ఆటలో సంభాషణ అక్షరాల ప్రతిని చూపించే వీలు ఉండబట్టి సంగతి బయటపడింది. ఆ వీలు లేని ఆటలో, మార్కులు నేరుగా ప్లేస్‌మెంట్ సెల్‌కు చేరే ఏర్పాటులో, ఈ అమ్మాయికి పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి తెలియదన్న ముద్ర కళాశాల రికార్డులో పడి ఉండేది, ఎందుకు పడిందో ఆమెకూ మాకూ ఎన్నటికీ తెలిసేది కాదు.

ప్రోగ్రాములు మెరుగుపడితే ఇటువంటివి తగ్గుతాయని మీరు అనవచ్చు. తగ్గుతాయి. కాని మాట తప్పుగా వినడం కంటే సరిగ్గా విని కూడా తప్పుగా విలువ కట్టడం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. హోటల్ రిసెప్షన్ దగ్గర, బ్యాగు పోయిందని మండిపడుతున్న అతిథి ఉన్న సన్నివేశంలో, ఒక కుర్రవాడు ముందు కూర్చోమని, మంచినీళ్లు తాగమని, తానే వెళ్లి చూసి వస్తానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మన ప్రాంతంలో ఎవరి గడపకైనా, ఏ కొట్టుకైనా కోపంగా వెళ్లండి, మొదట జరిగేది అదే. కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు, ఎవరినో పురమాయించకుండా యజమానే లేచి వెళ్లి చూస్తాడు. అవమానపడిన మనిషిని శాంతపరచడానికి ఇంతకంటే పాతదీ పనికొచ్చేదీ అయిన పద్ధతి నాకు తెలియదు. ఆట మాత్రం సహానుభూతి గడిలో ఆ కుర్రవాడికి దాదాపు ఏమీ వేయలేదు. అతిథి బాధ తనకు అర్థమవుతోందన్న వాక్యం అతను అనలేదట. అదే బెంచీలోని మరొక విద్యార్థి ఆ ఒక్క వాక్యాన్నే రకరకాలుగా తిప్పి చెప్పి, బ్యాగు ఎక్కడుందో కనుక్కునే మాటే ఎత్తకుండా, మంచి మార్కులతో బయటపడ్డాడు. అమెరికా కాల్ సెంటర్ల మర్యాదను కొలబద్దగా పెట్టుకున్న ఆటలో అంతకంటే వేరేగా జరగదు.

ఇక్కడ మనం రెండు వేర్వేరు విద్యలను ఒకటిగా చూస్తున్నాం. ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడడం ఒక విద్య, మనుషుల మధ్య మసలుకోవడం మరొకటి. హాస్టల్ మెస్‌లో కూర బాగాలేదని గొడవ ముదిరినప్పుడు వార్డెన్‌కూ కుర్రవాళ్లకూ మధ్య నిలబడి ఇద్దరి పరువూ పోకుండా సర్దిచెప్పగల పిల్లలు నాకు తెలుసు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారితో తండ్రి మాట్లాడుతుంటే పక్కన కూర్చుని, ఎప్పుడు గట్టిగా నిలబడాలో, ఎప్పుడు ఊరుకోవాలో చిన్నప్పుడే చూసి నేర్చుకున్నవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి ఇంగ్లీషు వాక్యం మధ్యలో తెగిపోతుంది. ఇంగ్లీషు రాకపోవడం లోటే, ఆ లోటు తీర్చడం నా ఉద్యోగం. ఆ లోటుకు సామాజిక నైపుణ్యాల లేమి అని పేరు పెట్టి రిపోర్టు కార్డు మీద రాస్తే మాత్రం నేను ఒప్పుకోలేను. నిజంగా సామాజిక నైపుణ్యాన్నే చూడదలిస్తే అదే సన్నివేశాన్ని తెలుగులోనూ ఆడించి చూడమని అమ్మేవారిని అడగండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి అనే భారతీయ భాషల వేదిక ద్వారా, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ పరిశోధకుల కృషి వల్ల తెలుగు మాటను గుర్తించే నమూనాలు అందుబాటులోకి వచ్చాయి. తెలుగు సన్నివేశం ఇవ్వలేమనేవారు తాము కొలుస్తున్నది ప్రధానంగా ఇంగ్లీషునేనని ఒప్పుకున్నట్టే.

పిల్లలు ఇంకొకటి కూడా కనిపెట్టారు, మనకంటే ముందే. ఈ పాత్రలను బుట్టలో వేయడం తేలిక. భాషా నమూనాలకు ఎదుటివారి మాటకు తలూపే గుణం ఎక్కువ. పైఅధికారి ఇప్పటికే అనుమతి ఇచ్చారని ఒక అబద్ధం ధీమాగా చెబితే మేనేజరు పాత్ర చల్లబడిపోతుంది. సక్ అప్ అనే ఆటలో వినోదమంతా ఇదే. ఆటగాడు రక్తపిశాచి, కృత్రిమ మేధతో నడిచే ఊరి జనాన్ని మారువేషాలతో, మాయమాటలతో నమ్మించి ఇళ్లలోకి పిలిపించుకోవాలి. అది సరదాకు ఆడే ఆట కనుక అందులో తప్పు పట్టాల్సింది లేదు. ఒప్పించే నేర్పు పేరుతో మన ల్యాబుల్లో మార్కులు తెచ్చుకుంటున్నది కూడా కొంతవరకు ఇదే అయినప్పుడు, ఏ విద్యకు బహుమతి ఇస్తున్నామో ఒకసారి చూసుకోవాలి. మొదటి బ్యాచ్ బయటికి వచ్చి వెనకవాళ్లకు కిటుకులు చెప్పిన తర్వాత నుంచి మార్కులు చూస్తే, నైపుణ్యం ఒక్క మధ్యాహ్నంలో పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంత చెప్పినా ల్యాబ్ నుంచి ఈ ఆటలను తీసివేయాలని నేను కోరకపోవడానికి బలమైన కారణం ఉంది. మా పిల్లల్లో చాలామంది నోరు మూయించేది వ్యాకరణం కాదు, పక్కవాళ్ల నవ్వు. ఒక్క తప్పు మాటకు వెనక బెంచీ నుంచి వినిపించిన నవ్వు ఒక అమ్మాయిని నాలుగేళ్లూ గ్రూప్ డిస్కషన్‌లో మౌనంగా కూర్చోబెట్టగలదు. యంత్రం నవ్వదు, విసుక్కోదు, అదే వాక్యాన్ని ఎన్నిసార్లు మొదలుపెట్టినా మళ్లీ వింటుంది. జామ్ (జస్ట్ ఎ మినిట్) సెషన్‌లో ఇచ్చిన అంశం మీద నిమిషం పాటు నిలబడలేని పిల్లలు హెడ్‌సెట్ పెట్టుకుని తెర మీది కస్టమరుతో వాదించడం నేను చూశాను. సెక్షన్‌కు అరవై మంది, ల్యాబ్‌కు ఒక్క అధ్యాపకురాలు ఉన్నచోట ప్రతి ఒక్కరితో రోజూ మాట్లాడించడం నావల్ల కాదు. ఆ పని ఈ ఆట చేస్తుంది. అయితే అది పనిచేయడానికి కారణం అక్కడ పోయేదేమీ లేదని పిల్లలకు తెలియడమే. మార్కులు పెట్టిన రోజున వెనక బెంచీ నవ్వు స్థానంలో రిపోర్టు కార్డు వచ్చి కూర్చుంటుంది, పిల్లలు మళ్లీ బట్టీ వాక్యాలకు దిగుతారు. నెట్స్‌లో కొట్టిన సిక్సర్లను స్కోరు బోర్డు మీద ఎవరూ రాయరు, నెట్స్‌లో అవుటైనవాణ్ని జట్టు నుంచి తీసేయరు కూడా.

ఉద్యోగాలిచ్చే కంపెనీలే యంత్రాలతో ఇంటర్వ్యూలు చేస్తుంటే మనం ఎందుకు వెనుకాడాలని కొందరు ప్లేస్‌మెంట్ అధికారులు అడుగుతున్నారు. అనుభవం ఉన్నచోట్ల వెనుకాడుతున్నారన్నది జవాబు. పేరున్న అయిదు కంపెనీల మాట గుర్తింపు ప్రోగ్రాములను స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అమెరికాలో పరీక్షించి 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తెల్లవారి మాటల్లో సగటున నూటికి 19 పదాలు తప్పుగా నమోదైతే నల్లవారి మాటల్లో 35 తప్పుగా నమోదయ్యాయి. అక్కడ ఇద్దరి మాతృభాషా ఇంగ్లీషే. వీడియో ఇంటర్వ్యూల్లో అభ్యర్థి ముఖకవళికలను విశ్లేషించడం మానుకున్నట్టు హైర్‌వ్యూ సంస్థ 2021 జనవరిలో ప్రకటించింది. గొంతును, ముఖాన్ని బట్టి మనిషి భావోద్వేగాలను అంచనా వేసే కృత్రిమ మేధను విద్యాసంస్థల్లో, పనిచేసే చోట్ల వాడడాన్ని, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. మీకు డెమో చూపించిన ఆట గొంతును బట్టి ఆత్మవిశ్వాసాన్నీ ఆందోళననూ చెబుతానంటే, ఐరోపాలో ఏ కళాశాలకైనా దీన్ని అమ్మగలరా అని ఆ ప్రతినిధిని అడిగి చూడండి.

పిల్లల గొంతులు ఎవరి దగ్గర ఉంటాయన్నది ఇంకా అవసరమైన ప్రశ్న. మూడు సెకన్ల నమూనా వింటే చాలు, ఆ గొంతుతో కొత్త మాటలు పలికించే నమూనాను మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే వెల్లడించారు. మన విద్యార్థులు ఈ ఆటల్లో గంటల తరబడి మాట్లాడుతున్నారు, అందులోనూ కోపంగా, బతిమాలుతూ, క్షమాపణలు చెబుతూ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, దేనికోసమో స్పష్టంగా తెలిసి ఇచ్చినదై ఉండాలి. 18 ఏళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. 2025 నవంబరులో ప్రకటించిన నిబంధనల్లో విద్యాసంస్థలకు కొన్ని పరిమితమైన మినహాయింపులు ఉన్నాయి, కాని వాటిని చూపించి బయటి కంపెనీకి పిల్లల గొంతులను అప్పగించవచ్చని నేను అనుకోను. మొదటి సంవత్సరంలో చేరేవారిలో చాలామందికి ఇంకా పదిహేడేళ్లే. లాగిన్ అయ్యేటప్పుడు ఒక గడిలో టిక్కు పెట్టించి, పెట్టకపోతే ల్యాబ్ హాజరు ఇవ్వమంటే, దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఎవరూ అనరు.

కాబట్టి ఒప్పందం మీద సంతకం చేసేముందు కొన్ని పనులు చేయమని వేడుకుంటున్నాను. ఆటను ముందు మన పిల్లల మీదే పరీక్షించండి. పల్నాటి యాస వాళ్లు, దివిసీమ నుంచి వచ్చినవాళ్లు, తెలుగు మీడియం వాళ్లు, ఇంగ్లీషు మీడియం వాళ్లు అందులో ఉండాలి. వాళ్లేమన్నారో, ఆట ఏమని రాసుకుందో పక్కపక్కన పెట్టి చదవండి. అవే సంభాషణలను ఇద్దరు అధ్యాపకులకు విడివిడిగా వినిపించి మార్కులు వేయించి, యంత్రం వేసిన మార్కులతో పోల్చండి. అదేమంత ఖర్చైన పని కాదు, ఒక వారం చాలు. ఆడియో, అక్షరాల ప్రతి విద్యార్థి చేతికి అందాలి, సెమిస్టర్ ముగియగానే కంపెనీ దగ్గర చెరిగిపోవాలి, వాటితో కొత్త నమూనాలకు శిక్షణ ఇవ్వకూడదు. ఈ మూడూ ఒప్పందంలో అక్షరాలా ఉండాలి. ఆట రిపోర్టు విద్యార్థికీ, అతను కోరుకుంటే అధ్యాపకులకూ తప్ప ప్లేస్‌మెంట్ సెల్‌కు వెళ్లకూడదు. ఇంటర్నల్స్ మార్కులు రోల్ ప్లే, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూల నుంచే రావాలి, ఎదుట మనిషి కూర్చుని విని వేయాలి.

ఇందుకు మనుషులు కావాలని, లైసెన్సు కంటే జీతాలకు ఎక్కువవుతుందని నాకు తెలుసు. పూర్వ విద్యార్థుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, బ్యాంకుల్లోనూ ఆర్టీసీలోనూ పనిచేసి రిటైరైనవాళ్లు ఈ రెండు ఊళ్లలో ఎందరో ఉన్నారు. జీవితమంతా కస్టమర్ల కోపాన్ని ఓర్చుకున్న ఆ పెద్దలను శనివారం మధ్యాహ్నాలు మాక్ ఇంటర్వ్యూలకు ఆహ్వానిస్తే కాదనరనే నా నమ్మకం. ఆటలో ధైర్యం తెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాతి వారమే వాళ్ల ఎదుట కూర్చునేట్టు టైమ్‌టేబుల్ వేయవచ్చు.

వచ్చే సెమిస్టర్ ల్యాబ్ మార్కుల విధానం ఖరారయ్యేలోగా విజయవాడలోనో గుంటూరులోనో ఇంగ్లీషు అధ్యాపకులతో, విద్యార్థుల ప్రతినిధులతో ఒక సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా మనవి. పేర్లు తీసివేసి, విద్యార్థుల అనుమతితో భద్రపరిచిన ట్రయల్ సంభాషణల ప్రతులను అక్కడ మీ ముందుంచడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు,
గుంటూరు.